కులగురువు పేరు: మార్కండయ్య అనే పేరు కథ



మగ్గాల గురించి, సాంచాల గురించి, సర్కారు స్కీముల గురించి, పిల్లల చదువుల గురించి ఈ సంచికలో రాసేవాళ్లు ఉన్నారు. మేము ఒక పేరు గురించి రాస్తున్నాం. ఆ పేరు మన గుడి మీద ఉంటది. సంఘం రసీదు పుస్తకం మీద ఉంటది. పెళ్లి పత్రికలో అందరికంటే పైన "శ్రీ మార్కండేయ ప్రసన్న" అని ఉంటది. కానీ బడి హాజరు పట్టీలో వెతికితే దొరకడం కష్టం. మన కులానికి మూలపురుషుడి పేరు మన పిల్లలకు ఎందుకు ఇంత అరుదైంది? ఈ సంగతి మేము చాన్నాళ్లుగా ఆలోచిస్తున్నాం. మాకు తెలిసింది, పెద్దలు చెప్పింది, రిజిస్టర్లలో చూసింది కలిపి ఇక్కడ రాస్తున్నాం.

పేరు ఎట్లా పుట్టింది

మార్కండేయ అనేది అసలు తండ్రి పేరు నుంచి వచ్చిన పేరు. మృకండు మహర్షి కొడుకు కాబట్టి మార్కండేయుడు. కుంతి కొడుకు కౌంతేయుడు, గంగ కొడుకు గాంగేయుడు, వినత కొడుకు వైనతేయుడు అయినట్టే ఇది. అంటే "ఫలానావారి బిడ్డ" అని చెప్పడమే ఈ పేరు పని. తండ్రిని మరిచిపోనివ్వని పేరు అన్నమాట.

కథ మనందరికీ తెలిసిందే. మృకండు మహర్షికి, మరుద్వతికి చాలాకాలం సంతానం లేదు. శివుడి కోసం తపస్సు చేశారు. బుద్ధిలేని కొడుకు నూరేండ్లు బతకాలా, గుణవంతుడు పదహారేండ్లే బతకాలా అని శివుడు అడిగితే, గుణవంతుడే కావాలన్నారు. పదహారో ఏడు నిండేనాడు యముడు పాశం వేస్తే పిల్లవాడు శివలింగాన్ని కౌగిలించుకున్నాడు. శివుడు ప్రత్యక్షమై యముణ్ణి అణచి, బిడ్డను చిరంజీవిని చేశాడు. ఇది జరిగింది మా ఊళ్లోనే అని తమిళనాడులో తిరుక్కడయూరు వాళ్లు చెబుతారు. అరవై ఏండ్లు, ఎనభై ఏండ్లు నిండినవాళ్లు అక్కడికి పోయి ఆయుష్షు కోసం శాంతి చేయించుకుంటారు.

మార్కండేయుడంటే చాలామందికి లింగాన్ని పట్టుకున్న బాలుడే గుర్తుకొస్తాడు. పెద్ద గ్రంథాల్లో మాత్రం ఆయన ముసలి ఋషి, కథలు చెప్పే పెద్దాయన. మహాభారతం అరణ్యపర్వంలో పాండవులు అడవిలో కష్టపడుతుంటే వచ్చి కూర్చుని కథలు చెప్పేది ఈయనే. మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు ఒక బ్రాహ్మణుడికి ధర్మం చెప్పిన కథ ఈయన చెప్పిందే. సావిత్రి కథ కూడా ఈయన చెప్పిందే. చేతిపని చేసుకునేవాడి నోటి నుంచి కూడా ధర్మం వినాలని చెప్పిన ఋషి మన కులగురువు కావడం మంచి సంగతి గదా.

పద్దెనిమిది పురాణాల్లో ఒకటి ఆయన పేరు మీదనే ఉంది. దసరాకు అమ్మవారి దగ్గర పారాయణం చేసే 13 అధ్యాయాల దేవీ మాహాత్మ్యం ఆ మార్కండేయ పురాణంలో ఉంది. హరిశ్చంద్రుడి కథ కూడా అందులో ఉంది. దాన్ని తెలుగులోకి తెచ్చింది మారన. ఆయన తిక్కన శిష్యుడు. ఓరుగల్లు ప్రతాపరుద్రుడి దగ్గర సేనానిగా ఉన్న నాగయ గన్నడికి ఆ పుస్తకాన్ని అంకితం ఇచ్చాడు. తర్వాత అల్లసాని పెద్దన మనుచరిత్రకు కథ దొరికింది కూడా ఆ పురాణంలోనే. అంటే కాకతీయుల కాలం నాటికే ఈ పేరు తెలుగువాళ్ల చెవికి బాగా అలవాటైంది.

మన ఇంటికి ఎట్లా వచ్చింది

శాస్త్రాల మార్కండేయుడు అందరివాడు. మన మార్కండేయుడు మనవాడు. మన కులపురాణంలో ఆయన చేసిన యాగంలో హోమగుండం నుంచి భావన ఋషి పుట్టాడు. దేవతలకు బట్ట లేక పోతే తామర తూడు నుంచి నార తీసి నేసింది ఆ భావన ఋషి. పద్మం నుంచి నూలు తీసినవాళ్లం కాబట్టి పద్మశాలీలం. సూర్యుడి బిడ్డ భద్రావతిని ఆయన పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు పుట్టిన నూటొక్క మంది నుంచి మన నూటొక్క గోత్రాలు అని చెప్పుకుంటాం.

ఈ కథ మనకు పుస్తకాల ద్వారా రాలేదు. కూనపులి వాళ్లు తెలంగాణ పల్లెల్లో మన ఇండ్ల ముందు పటం విప్పి, బొమ్మలు చూపించుకుంట రాత్రంతా చెప్పేవాళ్లు. ఆ పటాలు చేర్యాల నకాషీ వాళ్లు వేసినవి. కులం దగ్గర వాళ్లకు హక్కుండేది, మనం వాళ్లకు కట్నం ఇచ్చేవాళ్లం. చదువు రాని తాతలు, అమ్మమ్మలు మార్కండేయుడి పేరు విన్నది ఆ పటం ముందు కూర్చునే. పటం చుట్ట చుట్టి అటక మీద పెట్టిన తర్వాత ఆ పేరు వినిపించే గొంతు ఒకటి తగ్గింది. పేరు తగ్గడానికి ఇది కూడా ఒక కారణమని మా అభిప్రాయం.

ఒక్క పేరు, ఎన్నో రూపాలు

తెలుగులో ఈ పేరు రాతలో మార్కండేయ, మార్కండేయులు. నోట్లో మార్కండయ్య. ఒరియా వాళ్లకు మార్కండ. కేశవ కోయిలి అనే పాత ఒరియా కావ్యం రాసిన కవి పేరు మార్కండ దాస్. గుజరాతీలో మార్కండ్ అని పెట్టుకుంటారు. ఉత్తరాదిలో మార్కండేయ్. 2006 నుంచి 2011 వరకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న మార్కండేయ కట్జూ కాశ్మీరీ పండిత కుటుంబంవారు.

పేరు మనుషులకే కాదు, నేలకూ నీళ్లకూ పెట్టారు. హర్యానాలో మార్కండ నది ఉంది, దాని ఒడ్డున షాబాద్ మార్కండ అనే ఊరుంది. బెళగావి దగ్గర ఘటప్రభలో కలిసే మార్కండేయ నది ఉంది. మన మహారాష్ట్రలోనే నాసిక్ జిల్లా వణిలో సప్తశృంగి అమ్మవారి కొండకు ఎదురుగా మార్కండేయ కొండ ఉంది. అక్కడ కూర్చుని ఋషి చెబుతుంటే అమ్మవారు తల వంచి విన్నదని అక్కడివాళ్లు చెబుతారు. గడ్చిరోలి జిల్లా చామోర్శి తాలూకాలో వైనగంగ ఒడ్డున మార్కండ గుళ్లు ఉన్నాయి. రాతి శిల్పాలు చూసి వాటిని విదర్భ ఖజురాహో అంటారు. ఆ వైనగంగ నీళ్లు వార్ధా నీళ్లతో కలిసి ప్రాణహిత అయి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. మన నాందేడ్ గోదావరి కూడా అక్కడికే పోతది. నీళ్లు కలిసినచోట కథలూ కలుస్తాయి.

ఇంత విస్తారంగా ఉన్న పేరు మన పిల్లలకు ఎందుకు తక్కువ?

మొక్కుకున్న దేవుడి పేరు

మా సొసైటీ పాత సభ్యుల రిజిస్టర్ తిరగేస్తే ఏ పేర్లు కనిపిస్తాయి? నర్సయ్య, రాజయ్య, మల్లయ్య, లింగయ్య, గంగారాం, పోశెట్టి, ఎల్లయ్య, సాయన్న. మార్కండయ్యలు అక్కడక్కడ ఉన్నారు, కానీ తక్కువే. ఈ పేర్ల వరసలో ఒక లెక్క ఉంది. మనోళ్లు బిడ్డ కోసం ఎవరికి మొక్కితే ఆ దేవుడి పేరు పెట్టారు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కితే రాజయ్య. ధర్మపురి నర్సింహస్వామికి మొక్కితే నర్సయ్య. కొమురెల్లి మల్లన్నకు పట్నం వేయిస్తే మల్లయ్య, కొమురయ్య. ఓదెల మల్లన్న అయితే ఓదెలు. పోచమ్మకు బోనం ఎత్తితే పోశెట్టి. ఎల్లమ్మ అయితే ఎల్లయ్య. కోస్తా జిల్లాల్లో కోటప్పకొండకు మొక్కితే కోటయ్య.

మార్కండేయుడికి మనం పిల్లల కోసం మొక్కలేదు. ఆయనను పూజించాం, ఆయన ముందు జంధ్యం మార్చుకున్నాం, ఆయనను పెద్దగా చూసుకున్నాం. గురువు అన్నప్పుడు దండం పెడతాం. బిడ్డను ఇమ్మని, పంట పండాలని, జ్వరం తగ్గాలని అడిగేది ఇంటి దేవుణ్ణి, ఊరి దేవతను. అందుకే మన కులంలో పెద్దపేరు తెచ్చుకున్నవాళ్లను చూసినా ఇదే కనిపిస్తది. 1915లో వాంకిడిలో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు రాముడి తమ్ముడిది. సోలాపూర్ నుంచి ఎమ్మెల్యే అయిన ఆడం మాస్తర్ పేరు నర్సయ్య.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. నేతపని చేసే కులాలకు ఒక్కొక్కరికి ఒక్కో మూలపురుషుడు ఉన్నాడు. దేవాంగులకు దేవల మహర్షి. మరాఠీ స్వకుళ సాళీలకు భగవాన్ జివ్హేశ్వర్. వాళ్ల గుళ్లు, జయంతులు, ఊరేగింపులు పెద్దగా జరుగుతాయి. పిల్లలకు మాత్రం ఆ పేర్లు ఎక్కువగా వినబడవు. మూలపురుషుడి పేరు కులం మొత్తానిది, ఒక్క బిడ్డకు ఎట్లా ఇస్తాం అనే భావం లోపల ఉండి ఉండవచ్చు. పొద్దున లేస్తే "ఒరేయ్ మార్కండయ్యా" అని కొడుకును తిట్టవలసి వస్తది గదా, గురువును తిట్టినట్టయితది అని మాతో అన్న ముసలమ్మలూ ఉన్నారు.

పదహారేండ్ల ఆయుష్షు గురించి భయం కూడా కొందరి నోట విన్నాం. అది తప్పు ఆలోచన. ఏడుగురు చిరంజీవులను తలుచుకుని ఎనిమిదోవాడిగా మార్కండేయుణ్ణి తలుచుకోవడం పాత ఆచారం. పుట్టినరోజు నాడు బెల్లం, నువ్వులు కలిపిన పాలు తాగి మార్కండేయుణ్ణి ప్రార్థించమని పెద్దలు చెప్పింది ఆయుష్షు కోసమే. ఆ పేరులో ఉన్నది చావు కాదు, చావును గెలవడం.

ఇంకొక చిన్న లెక్క. పంతులు దగ్గర నక్షత్రం చూపించి అక్షరం అడిగే ఇండ్లలో "మా" అనే అక్షరం మఖ నక్షత్రం మొదటి పాదానికే వస్తది. 27 నక్షత్రాలకు 108 పాదాలు. అందులో ఒక్క పాదం. ఆ పాదంలో పుట్టిన పిల్లవాడికి కూడా ఇప్పుడు మానవ్ అనో, మాధవ్ అనో పెడుతున్నారు.

మన భావన ఋషి పేరుకు జరిగింది ఇంకా చిత్రం. భావనారాయణ అనే పేరు బాపట్ల, పొన్నూరు వైపు ఇప్పటికీ ఉంది, అక్కడ భావనారాయణస్వామి గుళ్లున్నాయి. కానీ మన దగ్గర భావన అంటే ఆడపిల్ల పేరే. కొడుక్కి పెడదామంటే ఇంట్లో అందరూ నవ్వుతారు.

నాందేడ్‌కు వచ్చిన తర్వాత

నాందేడ్ అప్పట్లో నిజాం రాజ్యంలోని జిల్లా. నిజామాబాద్, ఆదిలాబాద్ పక్కనే. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లో తెలుగు మాట్లాడే ఊళ్లు ముందునుంచీ ఉన్నాయి. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్‌కు రైలు పడింది. తర్వాత నాందేడ్‌లో ఉస్మాన్‌షాహీ మిల్లు వచ్చింది. మగ్గం మీద బతుకు గడవనివాళ్లు మిల్లు కూలికి, చిన్న వ్యాపారానికి, మళ్లీ మగ్గానికే కూడా ఈ ఊరికి చేరారు. సోలాపూర్‌లో 1877లోనే మిల్లు మొదలైంది, అక్కడికి ఇంకా ఎక్కువమంది పోయారు. భివండి, ముంబై సరేసరి.

1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956 నవంబర్ 1న మరాఠ్వాడాను తెలంగాణ నుంచి విడదీసి బొంబాయి రాష్ట్రంలో కలిపారు. 1960 మే 1న మహారాష్ట్ర అయింది. మన చుట్టాలు ఉన్న నిజామాబాద్ ఒక రాష్ట్రం, మనం ఇంకొక రాష్ట్రం. ఉర్దూ దఫ్తర్ పోయి మరాఠీ దఫ్తర్ వచ్చింది. పిల్లలు మరాఠీ బడికి పోయారు. ఇల్లు తెలుగు, బడి మరాఠీ.

అప్పుడు పేర్లు మారడం మొదలైంది. ఓదెలు, కొమురయ్య, పోశెట్టి అనే పేర్లు మరాఠీ మాస్తర్ల నోరు తిరగలేదు, తోటి పిల్లలు నవ్వారు. "అయ్య" అని వస్తే చాలు, తెలుగు మగ్గంవాడి కొడుకు అని తెలిసిపోయేది. బాలయ్య బాలాజీ అయ్యాడు. నర్సయ్య నర్సింగ్ అయ్యాడు. మల్లన్న భక్తులు లోహా తాలూకా మాలేగావ్ ఖండోబా జాతరకు పోయారు, ఎల్లమ్మ భక్తులు మాహూర్ రేణుకమ్మ దగ్గరికి పోయారు. దేవుడికి ఇక్కడ ఇంకో పేరు దొరికింది, బిడ్డకూ ఇంకో పేరు దొరికింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మార్కండేయ అనే పేరుకు ఈ ఇబ్బంది లేదు. మరాఠీవాళ్లకు కూడా ఆ ఋషి తెలుసు, వాళ్ల కొండలకు, గుళ్లకు ఆ పేరే ఉంది. "అయ్య" తీసేసి మార్కండేయ అని రాస్తే రెండు భాషల్లోనూ ఒకటే. సరిహద్దు దాటినా మార్చుకోనక్కరలేని పేరు అది. అయినా అది కూడా పోయింది. కాబట్టి తప్పు మరాఠీది అనలేం. పాతకాలం పేరు, తాత పేరు, పొడుగు పేరు అని మనమే వదిలేశాం.

మధ్యలో ఇరుక్కున్న తాత

మహారాష్ట్రలో పేరు రాసే పద్ధతి వేరే. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. ఇక్కడ మొదలు మనిషి పేరు, మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఈ పద్ధతి వల్ల ఒక సంగతి జరుగుతది. తాత మార్కండయ్య, కొడుకు గంగాధర్, మనుమడు రాహుల్ అనుకుందాం. గంగాధర్ కాగితాల్లో మధ్యలో మార్కండయ్య ఉంటాడు. రాహుల్ కాగితాల్లో మధ్యలో గంగాధర్ ఉంటాడు. మార్కండయ్య ఎక్కడా ఉండడు. రెండు తరాల్లో కాగితం మీద నుంచి పేరు తుడిచిపెట్టుకు పోతది.

పూర్వం మన ఆచారంలో ఈ నష్టం లేదు. తాత పేరు మనుమడికి పెట్టేవాళ్లు. పడుగు ఒకటే, పేక మారినట్టు, ఒక తరం తప్పించి ఒక తరంలో పేరు మళ్లీ వచ్చేది. మనుమడికి తాత పేరు పెట్టడం మానేసినప్పుడు, మహారాష్ట్ర పద్ధతి మిగతా పని పూర్తి చేసింది. ఇప్పుడు మా రిజిస్టర్‌లో మార్కండేయ అనే మాట సభ్యుడి పేరుగా కంటే తండ్రి పేరుగానే ఎక్కువ కనిపిస్తది. ఇంకో ఇరవై ఏండ్లకు అక్కడా కనిపించదు.

ఉన్న కొద్దిమంది మార్కండేయులకు కూడా కాగితాల కష్టం తప్పలేదు. ఒకచోట మార్కండేయ, ఒకచోట మార్కండయ్య, ఒకచోట మార్కండ్. రేషన్ కార్డు ఒక తీరు, బ్యాంకు పుస్తకం ఒక తీరు, ఆధార్ ఒక తీరు. నేత కార్మికుడి గుర్తింపు కార్డుకు, పింఛనుకు, ఖాతాలో నేరుగా పడే డబ్బుకు పేరు అన్నిచోట్లా ఒక్క తీరుగా ఉండాలి. లేకుంటే ఫారం వాపసు వస్తది. ఒక ముసలి సభ్యుడు "మా నాయన పెట్టిన పేరు నాకు బరువైంది సెక్రెటరీ సాబ్" అన్నాడు. ఆ మాట మాకు బాధ అనిపించింది. పేరు బరువు కాలేదు, తలొక తీరు రాసిన చేతులు బరువు చేశాయి.

మనిషి మీద నుంచి బోర్డు మీదికి

అయితే పేరు పూర్తిగా పోయిందా? లేదు. చోటు మార్చింది. సోలాపూర్‌లో మార్కండేయ సహకార రుగ్ణాలయం ఉంది. మన కులం సహకారం నేర్చుకుని కట్టుకున్న గొప్ప పని అది. అక్కడ శ్రావణ పౌర్ణమి నాడు, అంటే మన జంధ్యాల పున్నమి, మరాఠీవాళ్ల నారళీ పున్నమి నాడు, మార్కండేయ రథం ఊరేగుతది, ఊరంతా కదిలి వస్తది. మాఘ శుద్ధ తదియ నాడు మార్కండేయ జయంతి ఊరూరా జరుగుతది. గుడి, మంగళ కార్యాలయం, పతపేఢీ, మిత్రమండలి, అన్నిటికీ ఆయన పేరే. 1956లో బి.ఎస్. రంగా తీసిన భక్త మార్కండేయ సినిమా వల్ల కూడా ఆ తరానికి కథ మళ్లీ తెలిసింది.

ఒకరకంగా ఇది గౌరవమే. ఒక్క బిడ్డకు ఇవ్వని పేరు పదివేల మందికి వైద్యం చేసే ఇంటికి ఇచ్చాం. కానీ బోర్డు మీద పేరును చూసి చేతులు జోడిస్తాం, పిలవం. పిలిచే పేరే బతికిన పేరు. గుమ్మంలో నుంచి అమ్మ కేకేసేది, కండెలు చుట్టుకుంటూ అన్న పిలిచేది, బజారులో దోస్తు అరిచేది, అదీ పేరంటే.

ఏం చేద్దాం

అందరూ రేపటి నుంచి మార్కండేయ అని పెట్టుకోండి అని మేము చెప్పం. పేరు తల్లిదండ్రుల ఇష్టం. కానీ మూడు పనులు అందరం చేయగలం.

ఒకటి: ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు తీసుకుని ఇంటిపేరు, గోత్రం, తెలంగాణలో వచ్చిన ఊరు, తాత, ముత్తాత, నాయనమ్మ, అమ్మమ్మ పేర్లు రాయండి. మహారాష్ట్ర కాగితాలు రెండు తరాల కంటే వెనక్కి పోవు, మన నోటుబుక్కు పోవాలి. ఇంట్లో ముసలివాళ్లు ఉన్నప్పుడే అడగాలి.

రెండు: ఇంట్లో మార్కండయ్య అనే పెద్దాయన ఉంటే, ఆయన పేరు అన్ని కాగితాల్లో ఒక్క తీరుగా ఉందో లేదో చూడండి. లేకుంటే పింఛను కాలం రాకముందే సరిచేయించండి. సొసైటీ ఆఫీసుకు వస్తే ఫారాలు నింపడంలో సహాయం చేస్తాం.

మూడు: తొట్లె నాడు, బారసె నాడు, పిల్లవాడికి మీకు నచ్చిన పేరే పెట్టండి. దానితోపాటు తాత పేరు చెవిలో చెప్పండి. ఆ తాత మార్కండయ్య అయితే మార్కండయ్య అనే చెప్పండి. బడి పేరు ఏదైనా, ఇంటి పేరుగా, ముద్దు పేరుగా అది ఉండనీయండి. మన తెలుగే ఈ ఊళ్లో ఇంటి భాషగా బతికింది, పేరు కూడా అట్లా బతుకుతది.

ఎవరైనా ధైర్యం చేసి బడి పేరుగానే మార్కండేయ అని పెడితే, ఆ పిల్లవాడు మరాఠీ మాస్తర్ ముందు నిలబడి సంకోచం లేకుండా చెప్పుకోవచ్చు. కష్టాల్లో ఉన్నవాళ్లకు కథ చెప్పి ధైర్యం ఇచ్చిన ఋషి పేరది. యముడు వచ్చినా పట్టు వదలని పిల్లవాడి పేరది. నూలు తెగితే ముడివేసి మళ్లీ నేసే మన కులానికి ఇంతకంటే సరిపోయే పేరు మాకు తెలియదు.